సమ్మతికి గ్రేస్ మార్కులు

ఆ రోజు పొద్దున్న అతని పథకంలో మూడే అంశాలున్నాయి. ఏడింటికి స్నానం, ఎనిమిదింటికి బస్సు, మూడింటికి పర్మనెంటు ఉద్యోగం. కొంప ముంచింది మొదటిదే అని అతనికి ఆ తర్వాత గానీ తెలియలేదు.

అతను ఒక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టరు. అంటే ఇతరులు కష్టపడి రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతికి, వాళ్ళ చేత తిట్లు తిని, జీతం తెచ్చుకునేవాడు. ఆరు నెలల ప్రొబేషను ఆ రోజుతో ముగుస్తుంది. ఆఫీసువాళ్ళు ఒక పళ్ళ డాక్టరమ్మ కోసం ప్రోగ్రాం తయారుచేశారు. రోగులు ఫోనులో పంపే సందేశాలు చదివి, ఎవరు వస్తామన్నారో, ఎవరు రామన్నారో, ఏ వేళకన్నారో అదే తేల్చుకోవాలి. వాక్యాన్ని విడగొట్టి అర్థం లాగే భాగాన్ని పార్సర్ అంటారు. ఆ పార్సర్ సరిగ్గా లాగుతోందో లేదో చూడడం మన టెస్టరు పని. మధ్యాహ్నం మూడింటికి డాక్టరమ్మ స్వయంగా వచ్చి చూస్తానన్నారు.

"రెండొందల పరీక్షలూ ఆకుపచ్చగా రావాలి. ఒక్కటి ఎర్రగా కనపడినా నీ కుర్చీ నువ్వే ఖాళీ చేసి వెళ్ళిపో. నాకు చెప్పక్కర్లేదు కూడా" అన్నాడు మేనేజరు ముందురోజే.

రెండొందల పరీక్షలు ఒక్కొక్కటీ చేత్తో రాయాలంటే మనిషి సగమైపోతాడు. అందుకని ఆ పనికో చిన్న భాష ఉంది. అందులో ఒక్కో వరుసకి మూడే మూడు విషయాలు. ముందు నియమం పేరు, తర్వాత కొటేషన్లలో ఒక వాక్యం, చివర ఫలితం. పార్సర్ ఆ వాక్యాన్ని ఒప్పుకోవాలంటే ఓకే, తిప్పికొట్టాలంటే ఫెయిల్. ఈ జాబితా ఇస్తే చాలు, పరీక్షలన్నీ యంత్రమే పుట్టించి, అదే నడిపి, ఆకుపచ్చో ఎరుపో చూపిస్తుంది. మెలిక ఒక్కటే. ఫెయిల్ అని రాసిన వాక్యాన్ని పార్సర్ తిప్పికొడితే ఆ పరీక్ష పాసైనట్టు. ఈ ముక్క అతను ఉద్యోగంలో చేరిన కొత్తలో భార్యకి రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ ఆవిడ "మీ ఇష్టం" అంది.

రోగి రావడానికి ఒప్పుకున్నాడా లేదా అని తేల్చే నియమానికి అతను ముచ్చటపడి 'సమ్మతి' అని పేరు పెట్టాడు. ఆ పేరుతో ఇరవై ఆరు వరుసలున్నాయి. అవి ఇలా సాగుతాయి.

సమ్మతి: "రేపు సాయంత్రం ఐదింటికి వస్తాను" ఓకే
సమ్మతి: "మీరెప్పుడు రమ్మంటే అప్పుడే" ఓకే
సమ్మతి: "మా ఆవిడ్ని అడిగి చెప్తా" ఫెయిల్

అడిగి చెప్తానన్నవాడు ఇంకా ఒప్పుకున్నట్టు కాదు కదా, అందుకని మూడోదానికి ఫెయిల్. అంతా తర్కబద్ధంగానే ఉంది. ఒక్క 'మీ ఇష్టం' దగ్గరే అతనికి చెయ్యి ఆడలేదు. అయితే మేనేజరు "మీ ఇష్టం అంటే సరే అనే కదయ్యా, దానికింత ఆలోచనెందుకు?" అని కసిరితే ఓకే అని రాసేశాడు. మేనేజరుకి ఇంకా పెళ్ళి కాలేదు.

ముందురోజు సాయంత్రం ఈ జాబితాకి చివరి నలభై వరుసలు ఇంట్లో భోజనాల బల్ల మీద కూర్చుని చేరుస్తుంటే, వారం రోజులుండి వెళ్దామని కూతురింటికి వచ్చిన మామగారు పక్కన చేరారు. ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఒక్క పిల్లని గానీ పిల్లాణ్ణి గానీ ఫెయిల్ చేసి ఎరుగరు. ఎక్కడో ఒకచోట నాలుగు మార్కులు వెతికి తెచ్చి గట్టెక్కించేవారు. పిల్లలు ఆయనకి గ్రేస్ మాస్టారని పేరు పెట్టుకున్నారు, ఆ సంగతి ఆయనకీ తెలుసు, లోలోపల గర్వం కూడానూ.

"ఇదేదో మంత్రాల్లా ఉంటుందనుకున్నా. శుభ్రంగా చదవడానికి వస్తోందే!" అన్నారాయన.

"అదే దీని గొప్ప మామయ్యగారూ. ప్రోగ్రాములు రానివాళ్ళు కూడా చదవొచ్చు, మార్చొచ్చు. ఎడమవైపు వాక్యం, కుడివైపు ఫలితం. అంతే. మీరు కూడా రాయొచ్చు" అన్నాడు అతను ఉదారంగా.

ఈ ఉదారత్వాన్ని మామగారు రాత్రంతా మనసులో పెట్టుకున్నారు. పొద్దున్నే అల్లుడు ల్యాప్‌టాప్ బల్ల మీద తెరిచే వదిలి స్నానానికి వెళ్ళగానే కళ్ళజోడు తుడుచుకుని దాని ముందు కూర్చున్నారు. అల్లుడు తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఆయన కుర్చీ మారి, ఏమీ ఎరగనట్టు పేపరు చదువుతున్నారు. ల్యాప్‌టాప్ మూత వేస్తున్నది మాత్రం అతని భార్య. ఆవిడ ఇంటి ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని నలుగురికీ బట్టలు కుడుతుంది. మెడలో కొలతల టేపు, ముఖంలో ఏదో కొత్త కళ.

"సాయంత్రం తొందరగా వచ్చేయమంటావా?" అన్నాడు అతను బూట్లు వేసుకుంటూ.

"మీ ఇష్టం."

"పర్మనెంటైతే ఆఫీసువాళ్ళు టీ పార్టీ అడుగుతారేమో. కాస్త ఆలస్యమైనా ఫరవాలేదా?"

"మీ ఇష్టం అన్నానుగా."

ఇంత సానుకూలమైన ఇల్లాలు ఎందరికి దొరుకుతుందని మురిసిపోతూ అతను బస్సెక్కాడు.

ఆఫీసులో జాబితాని యంత్రానికిచ్చి మీట నొక్కాడు. ఆకుపచ్చా రాలేదు, ఎరుపూ రాలేదు. 'నూట అరవై మూడో వరుస: గ్రేస్ అనే మాట నాకు తెలియదు' అని ఒకే ఒక్క ముక్క వచ్చింది. అతనికీ తెలియదు. వెళ్ళి చూస్తే ఫెయిల్ ఉండాల్సిన చోట గ్రేస్ అని ఉంది. అలాంటివి ఏడున్నాయి. వాటిని మార్చి మళ్ళీ నొక్కాడు. ఈసారి తెర మీద ఇరవై నాలుగు ఎర్ర వరుసలు. ఇంటికి ఫోను చేశాడు.

"మామయ్యగారూ, నా జాబితాలో ఏమైనా మార్చారా?"

"మార్చడమేంటి బాబూ, దిద్దాను. నువ్వే కదా మీరు కూడా రాయొచ్చన్నావు? అయినా ఏంటయ్యా ఆ మూల్యాంకనం? సమ్మతి అనే పిల్లకి ఇరవై ఆరింటిలో పద్దెనిమిది ఫెయిళ్ళా? చేతులెలా వచ్చాయి నీకు?"

"అది పిల్ల కాదండీ."

"పెద్దదైతే మాత్రం? ప్రైవేటుగా పరీక్ష కట్టుకుందేమో. ఇంటి పనులు చూసుకుంటూ చదువుకునేవాళ్ళ మీద ఇంకాస్త దయ ఉండాలి."

అది నియమం పేరని చెప్పడానికి అతను నాలుగు విధాల ప్రయత్నించాడు. నియమమైనా సరే, అన్యాయం అన్యాయమే అన్నారు మామగారు. అదృష్టం ఏమిటంటే ఆయన పద్ధతి గల మనిషి. ఏ వరుసలో ముందేముంది, తాను ఏమని దిద్దారు, ఎందుకు దిద్దారు అన్నది ఒక రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసి పెట్టుకున్నారు. దాన్ని చదివి చెబితే చాలు, మళ్ళీ యథాస్థితికి తేవచ్చు. దురదృష్టం ఏమిటంటే ఆయన ఏ వరుసనీ ఊరికే వదలలేదు.

"'చూద్దాం లెండి.' దీనికి నువ్వు ఫెయిలిచ్చావు. ఏం తప్పుంది ఇందులో? కర్త లేకపోయినా క్రియ ఉంది. చిన్న వాక్యమని చిన్నచూపా?"

"వస్తారో రారో తెలీదు కదండీ అందులో."

"వచ్చేదీ రానిదీ వాళ్ళ సొంత విషయం. మనం చూడాల్సింది వాక్యం. ఇక ఇది చూడు, 'రేపు వస్త.' దీర్ఘం మింగేసింది. దానికి ఓకే ఇచ్చావు! నేనే ఫెయిల్ చేయాల్సొచ్చింది. సర్వీసులో చేయని పాపం రిటైరయ్యాక నీ మూలంగా చేశాను బాబూ."

"ఫోనులో అందరూ అలాగే కొడతారండీ. ప్రోగ్రాం అర్థం చేసుకోవాలి. దాన్ని మళ్ళీ ఓకే చేస్తున్నా."

"చెయ్, చెయ్. భాష నాశనమైపోతే నన్ననకు."

పదకొండింటికి మొదలైన ఈ పునర్మూల్యాంకనం ఒంటిగంట దాటాక ముగిసింది. ఇరవై మూడు దిద్దుబాట్లు వెనక్కి తిరిగాయి. ఎర్రగా వచ్చినవి ఇరవై నాలుగు కదా అన్న లెక్క అతనికి ఆ హడావుడిలో తట్టలేదు. అతను ఊపిరి పీల్చుకునేలోగా ఫోను చేతులు మారింది.

"సమ్మతి ఎవరండీ?" అంది భార్య.

సరిగ్గా అప్పుడే మేనేజరు వచ్చి వెనకాల నిలబడ్డాడు. అతను గొంతు తగ్గించాడు. పని వేళ ఇంటి ఫోన్లంటే మేనేజరుకి పడదు.

"ఇప్పుడు మాట్లాడలేను. సాయంత్రం చెప్తా."

"పక్కనే ఉందా?"

"ఎదురుగానే ఉంది. పొద్దుట్నుంచి దాంతోనే కూర్చున్నా. మీ నాన్నగారు చేసిందానికి తల ప్రాణం తోకకొచ్చింది."

"మా నాన్న చేసిందా! 'రేపు సాయంత్రం ఐదింటికి వస్తాను' అన్నది ఓకే. 'మీరెప్పుడు రమ్మంటే అప్పుడే' అన్నది ఓకే. 'మా ఆవిడ్ని అడిగి చెప్తా' అన్నది మాత్రం ఫెయిల్. అంతేనా?"

"అంతే. పార్సర్ సరిగ్గా ఉంటే అలాగే రావాలి" అన్నాడు అతను. జాబితా ఇంత చక్కగా చదివిందని అతనికి సంతోషమేసింది కూడా. "మూడింటికి సమ్మతిని డాక్టరమ్మకి చూపించాలి. ఆవిడ అంతా బావుందంటేనే నా బతుకు ఒక ఒడ్డున పడేది."

అవతల కత్తెర బల్ల మీద పడిన చప్పుడైంది.

"ఎన్నో నెల?" అంది ఆవిడ.

ప్రొబేషను సంగతి గుర్తుపెట్టుకుని అడుగుతోందే అనుకున్నాడు అతను.

"ఈ రోజుతో ఆరు నెలలు నిండుతాయి."

ఫోను తెగిపోయింది. సిగ్నలు పోయిందనుకుని అతను పనిలో పడ్డాడు. మళ్ళీ ఒకసారి మీట నొక్కి చూసుకుందామనుకునేలోగా మేనేజరు ల్యాప్‌టాప్ లాక్కుని పెద్ద గదిలో పెద్ద తెరకి తగిలించాడు. బల్ల మీద గుడ్డ మార్చడం, కుర్చీలు సర్దడం, నీళ్ళ సీసాలు వరసగా పెట్టడం అతని నెత్తిన పడ్డాయి.

మూడింటికి అయిదు నిమిషాలుండగా డాక్టరమ్మ వచ్చారు. పొట్టిగా, చురుగ్గా ఉన్న మనిషి. ఎవరితో మాట్లాడుతున్నా కళ్ళలోకి కాక నోట్లోకి చూస్తారు. దాంతో ఆఫీసులో అందరూ పెదాలు విప్పకుండా పలకరించడం మొదలుపెట్టారు. మేనేజరైతే స్వాగతం మొత్తం మూతికి చెయ్యి అడ్డం పెట్టుకునే చెప్పి, మీట నొక్కాడు.

తెర మీద ఆకుపచ్చ వరుసలు ఒకదాని కింద ఒకటి దిగసాగాయి. యాభై, వంద, నూట యాభై. టెస్టరు కుర్చీ అంచున కూర్చుని తన పేరు పక్కన పర్మనెంటు అన్న మాట ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాడు. నూట డెబ్భై. నూట డెబ్భై ఏడు. ఆ తర్వాత ఒక ఎర్ర వరుస దిగింది.

సమ్మతి: "మీ ఇష్టం" ఫెయిల్

దాని కింద యంత్రం వివరణ కూడా ఇచ్చింది. జాబితా ఈ వాక్యాన్ని తిప్పికొట్టమంది, పార్సర్ ఒప్పుకుంది. మిగతా ఇరవై రెండూ ఆకుపచ్చగానే దిగాయి గానీ వాటిని ఎవరూ చూడలేదు. మేనేజరు ముఖం ఆ ఎర్ర వరుసతో పోటీ పడుతోంది.

"క్షమించాలి డాక్టరు గారూ. ప్రోగ్రాంలో లోపమేం లేదు. మీ ఇష్టం అంటే సరే అని మా పార్సరుకి బాగా తెలుసు. జాబితా రాసినవాడికే తెలీదు" అని అతని వైపు తిరిగాడు. "నిన్న ఓకే అని రాయమన్నానా లేదా?"

"ఓకే అనే రాశానండీ! ఎలా మారిందో నాకు తెలీదు" అన్నాడు అతను. అబద్ధం చెబుతున్నవాడి గొంతులా వినపడింది అతనికే.

"తెలీదు! సరే, నీ కుర్చీ సంగతి నీకు తెలుసుగా..."

తలుపు తోసుకుని అతని భార్య లోపలికి వచ్చింది. మెడలో టేపు తీయలేదు, తీరిక లేక. వెనకాల మామగారు ఒక చేత్తో రిజిస్టరు, ఇంకో చేత్తో ఎర్ర కలం పట్టుకుని ఆయాసపడుతున్నారు.

"ఎక్కడ సమ్మతి?" అంది ఆవిడ.

పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చారనుకున్నాడు మేనేజరు. "ఇదుగోనండీ, మీ ఎదురుగానే. ఇరవై ఆరు. ఒక్క లోపం తప్పితే..."

"వయసు చెబుతున్నారమ్మాయ్" అన్నారు మామగారు మెల్లగా.

ఆవిడ గదంతా కలియచూసింది. డాక్టరమ్మ ఒక్కరే ఆడమనిషి, జుట్టు సగం నెరిసింది. "మీరు డాక్టరా? ఆరో నెలన్నారు. ఎలా ఉంది తనకి?"

"నేను పళ్ళ డాక్టర్నమ్మా" అన్నారు డాక్టరమ్మ. "ఆరో నెలలో ముందు పళ్ళు పైకొస్తాయి. బిడ్డ ఏది?"

అప్పటికి టెస్టరుకి మొత్తం వెలిగింది. పొద్దుట్నుంచి తను ఫోనులో అన్న ఒక్కొక్క మాటా వరుసగా గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. లేచి, తెర దగ్గరికి వెళ్ళి, వేలు పెట్టి చూపించాడు.

"ఇదే సమ్మతి. వస్తామని ఒప్పుకోవడం. మనిషి కాదు, మాట. ఆరు నెలలన్నది నా ప్రొబేషను. నీ మీద ఒట్టు."

ఆవిడ తెర మీద వరుసలన్నీ పై నుంచి కింది దాకా చదివింది. ముఖంలో రంగులు మారాయి గానీ ఓడిపోయినట్టు కనపడడం ఆవిడకి అలవాటు లేదు. కొలతల టేపు సర్దుకుని, "ముందే చెప్పొచ్చుగా" అంది. రెండుసార్లు చెప్పానని అతను గుర్తుచేయలేదు. ఆ మాత్రం తెలివి అతనికుంది.

"కుటుంబ విషయాలు తర్వాత! ముందు ఆ వరుస ఎవరు మార్చారో తేలాలి" అని కేకేశాడు మేనేజరు.

మామగారు రిజిస్టరు తిప్పి చూశారు. "నా దిద్దుబాట్లలో ఇది లేదు. ఓకే ఇచ్చినదాన్ని, దోషం లేకుండా ఫెయిల్ చేసే పాపం నేను చేయను."

"నేను మార్చా" అంది అతని భార్య.

గదిలో అందరూ ఆవిడ వైపు తిరిగారు. టెస్టరు తన కుర్చీ వైపు చూసుకున్నాడు, చివరిసారిగా.

"సమ్మతి మీద మండిపోయే మార్చా, దాచడమెందుకు? కానీ నేను మార్చింది మాత్రం సరైనదే. మీ ఇష్టం అంటే సరే అని ఎవరు చెప్పారండీ మీకు? నేను రోజుకి పదిసార్లంటా. ఒక్కసారి కూడా సరే అని కాదు. నా దగ్గర బట్టలిచ్చి, మీ ఇష్టం, ఎప్పుడైనా కుట్టివ్వండి అన్నవాళ్ళే మర్నాడు తెల్లారకుండా తలుపు కొడతారు."

మేనేజరు నోరు తెరిచాడు. డాక్టరమ్మ ఆ నోట్లోకి చూశారు. అతను మూసేశాడు.

"పోయిన నెల నా దగ్గర పద్దెనిమిది మంది మీ ఇష్టం అన్నారు. పద్దెనిమిది వేళలు వాళ్ళకి అట్టే పెట్టా. ఒక్కరంటే ఒక్కరు రాలేదు. ఆ బాధ పడలేకే మీ దగ్గరికి వచ్చా. మీ ప్రోగ్రామూ వాళ్ళని నమ్ముతోందన్నమాట!" అన్నారు డాక్టరమ్మ. ఆవిడ కుర్చీ దర్జీ ఇల్లాలి వైపు జరుపుకున్నారు. "చూద్దాం లెండి అంటే?"

"రారు."

"వీలు చూసుకుని వస్తా?"

"వీలుండదు."

"ప్రయత్నిస్తా?"

"అసలు రారు. వాళ్ళ కోసం సూదిలో దారం కూడా ఎక్కించను."

"తప్పకుండా వస్తా?"

"ఒక్కసారంటే వస్తారు" అంది ఆవిడ కాస్త ఆలోచించి. "తప్పకుండా, తప్పకుండా అని రెండుసార్లంటే రారు."

మామగారు గబగబా రిజిస్టరులో ఎక్కించుకుంటున్నారు. తప్పకుండా అన్నది రెండుసార్లు రాస్తే పునరుక్తి దోషం కూడా ఉందని పక్కన వేశారు.

డాక్టరమ్మ తెర వైపు వేలు చూపించి మేనేజరుతో అన్నారు. "మొత్తం రెండొందల్లో నాకు పనికొచ్చింది ఆ ఎర్ర వరుస ఒక్కటే. పరీక్ష తన పని చేసింది. తప్పింది మీ పార్సరు. దాన్ని బాగుచేయండి. జాబితా మొత్తం ఈవిడ చూసి సరే అంటే నేను సంతకం పెడతా. సరే అనాలి. మీ ఇష్టం అంటే పెట్టను."

మేనేజరుకి బంగారంలాంటి ఒప్పందం చేజారి మళ్ళీ చేతిలో పడింది. ఆ ఊపులో టెస్టరు భుజం తట్టాడు.

"నువ్వు పర్మనెంటు! సోమవారం నుంచి కళ్ళ డాక్టరు గారి ప్రోగ్రాం పరీక్షలు కూడా నువ్వే చూడాలి. ఏమంటావ్?"

ఆరు నెలలుగా ఎదురుచూసిన మాట. అతనికి నిజంగా కళ్ళు చెమర్చాయి. సరే అనబోయి, తెర ముందు టేపుతో నిలబడిన భార్య వైపు చూసి, గొంతు సవరించుకున్నాడు.

"మా ఆవిడ్ని అడిగి చెప్తా" అన్నాడు.

జాబితాలో ఆ వాక్యం ఎదురుగా ఉన్న ఫెయిల్ ఆ సాయంత్రమే ఆవిడ చేతి మీదుగా ఓకే అయింది, గ్రేస్ మార్కులు అవసరం పడకుండానే.